ఒక గింజ తక్కువ

తెల్ల ట్రేలో పట్టకారుతో
పదేసి, పదేసి.
మూడువేల నూటపన్నెండు ఉండాలి.
మూడువేల నూటపదకొండు ఉన్నాయి.

ఎచ్చెర్ల దాటాక హైవే పక్కన మా వలగది.
ఒక తలుపు మూశాకే రెండోది తెరవాలి.
గాలి లోపలికి రావచ్చు, పుప్పొడి బయటికి పోకూడదు.
ఆ మాట గాలికి ఎవరు చెప్పాలో
నియమావళిలో ఏ పేజీలోనూ లేదు.
అందుకే పూతకి ముందే ప్రతి వెన్నుకీ
కాగితం సంచి తొడుగుతాను,
చంటిపిల్లకి చలిటోపీ తొడిగినట్టు.

ఆర్నెల్లకోసారి కమిటీ వస్తుంది.
టీ, పలాస జీడిపప్పు, పదకొండు సంతకాలు.
పోయినసారి ఊరి తరఫున వచ్చిన
రిటైరైన హెడ్మాస్టారు అడిగాడు: "ఎలకలొస్తే?"
ఆ పూటంతటికీ నాకు అర్థమైన ప్రశ్న అదొక్కటే.
మర్నాడు బోనులు కొన్నాం.

మళ్ళీ లెక్కపెట్టాను. అదే సంఖ్య.
గ్లౌజు వేళ్ళు తిరగేశాను,
నేల తుడిచిన గుడ్డ దులిపాను.
ఫోన్లో గౌరీశ్వరి మేడం:
"నివేదిక రాయి తారకా.
ఎలకని చూడకపోతే మాత్రం
ఎలక అని రాయకు."

భావనపాడు దగ్గర మా దాలమ్మత్తది ఎకరంన్నర.
తుఫాను రాత్రి సముద్రం వచ్చి ఆ చేలో పడుకుంది.
లేచి వెళ్ళింది గానీ
పరుపు చుట్టుకుని పోలేదు. ఉప్పు అలాగే ఉంది.

"ఉప్పులో బతికే ఒడ్లు సేత్తన్నారట కదమ్మీ.
గుప్పెడు ఒట్టుకురాలేవేటి?"
"కూడదత్తా."
"మరెప్పటికవుద్ది?"
"తెలీదు."
చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని
అడ్డపొగ పీల్చే మనిషి.
ఏది లోపల ఉంచాలో, ఏది బయట పెట్టాలో
ఆమెకి నేను చెప్పాలా?

ఆ రాత్రి జడ విప్పాను.
దువ్వెన పళ్ళ మధ్య, పసుపుగా,
అది.

అరచేతిలో బరువే తెలీలేదు.
నాటితే ఒక దుబ్బు.
దుబ్బుకి పన్నెండు పిలకలు,
పిలకకి ఒక వెన్ను,
మూడో పంటకి ఎకరంన్నర.
లెక్కలు రాకపోయుంటే బాగుండేది.
ఇది పక్కచేను ఒడ్లతో ఏం మాట్లాడుతుందో,
మూడో తరంలో దేన్ని మరిచిపోతుందో
మేడానికే తెలీదు.
తెలీదు కాబట్టే ఆ గది, ఆ రెండు తలుపులు.
ఇదంతా నాకు నేనే చెప్పుకున్నాను
అర్ధరాత్రి దాకా,
చెయ్యి మాత్రం విప్పలేదు.

నిబంధన ప్రకారం రవాణాకి రెండు పెట్టెలు.
అగ్గిపెట్టెలో పెట్టి, దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టాను.
తెల్లారి మొదటి ఆటో.
గేటు దగ్గర పోలిశెట్టి:
"ఆదివారం పూట ఏటమ్మా?"
"ఒక గింజ మర్చిపోయాను."
"ఒక గింజకి ఆటోకెంతయింది?"
"నలభై."
నవ్వాడు. నేనూ నవ్వబోయాను.

నూట ఇరవయ్యొక్క డిగ్రీలు, ముప్పావుగంట.
మూత తీస్తే ఆవిరి.
ఉప్పుడు బియ్యానికి ఒడ్లు ఉడకేసిన ఇంటి వాసన.
ఒక్క గింజకి వాసన రాదు.
వచ్చింది.

రిజిస్టర్లో "దొరికిన చోటు" అని ఒక గడి.
"జడ" అని రాశాను.
కొట్టేసి "సిబ్బంది తల వెంట్రుకలు" అని రాశాను.
కారణం: టోపీ సరిగా పెట్టుకోకపోవడం.
సంతకం. తేదీ. సమయం.
అత్త అడిగిందని రాయడానికి
గడి లేదు.

మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది.
ఒడ్ల మాట ఎత్తలేదు.
ఉప్పు మళ్ళలో ఈసారి జీలుగ చల్లిందట.
"మొలిచిందా?"
"సగం మొలిసింది."
"మిగతా సగం?"
"ఏటో, నాను లెక్కెట్టనేదమ్మీ."